ఈ ఒక్కరోజు పంపకండి

నర్సు ఆ బడిలో చేరి మూడు వారాలైంది. ఆమెకిచ్చిన గది మెట్ల కింద ఉంది. రెండు ఇనుప మంచాలు, మధ్యలో ఒక తెర, మందుల బీరువా, చేతులు కడుక్కునే తొట్టి, కిటికీ పక్కన బల్ల. బల్ల మీద పాతకాలపు నల్ల ఫోను, దాని మీద నంబరు రాసి అంటించిన చిన్న కాగితం. చేరిన మొదటిరోజే ఆమె రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. ఏ చప్పుడూ లేదు.

"అది చచ్చి చాన్నాళ్ళయిందమ్మా. వేసవి సెలవుల్లోనే లైను పీకేశారు. కాగితాలు ఎగిరిపోకుండా బరువుకి పనికొస్తుందని ఉంచాం" అంది ఆయా.

నర్సు కూడా దాన్ని బరువుకే వాడింది. ఇళ్ళకు ఫోను చేయాల్సి వస్తే తన సెల్‌ఫోనే వాడేది.

పన్నెండేళ్ళు పెద్దాసుపత్రిలో రాత్రీ పగలూ తేడా లేకుండా పనిచేసి, కూతురి కోసం ఈ ఉద్యోగంలో చేరిందామె. కూతురు ఇదే బడిలో రెండో తరగతి. ఒక్కచోట నిలవదు, నోరు మూతపడదు, అందుకని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. బడిలో పని తేలికే అనుకుంది నర్సు. వారం తిరక్కుండానే ఆ భ్రమ వదిలింది. తల్లిదండ్రులు పొద్దున ఏడింటికి జ్వరం మందు తాగించి పిల్లల్ని పంపించేవారు. పదకొండయ్యేసరికి మందు పని అయిపోయేది. పదకొండుంబావుకల్లా తలుపు దగ్గర ఎర్రబడ్డ మొహాలు వరసకట్టేవి. రెండు మంచాల మీద నలుగురిని పడుకోబెట్టి, మిగిలినవాళ్ళని బెంచీ మీద కూర్చోబెట్టి ఇళ్ళకు ఫోన్లు చేస్తుంటే, అవతల ఎవరూ ఎత్తేవారు కాదు. ఎత్తినవాళ్ళు "పొద్దున బాగానే ఉందండీ" అనేవారు. ఆ మాట వినీ వినీ ఆమెకు నిద్రలో కూడా వినపడేది.

గేటు పక్కన ఒక నోటీసు అంటించింది. మందు వేయకుండా ఒక పూర్తి రోజు జ్వరం లేకపోతేనే పంపండి. వాంతులో విరేచనాలో అయితే అవి ఆగాక ఇంకో రెండు రోజులు ఉంచుకోండి. ఆటలమ్మ పోస్తే పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా ఆగండి. అదే గోడకు హెడ్‌మాస్టరు గారి హాజరు షీల్డు వేలాడుతోంది. నెలలో ఎక్కువ హాజరున్న తరగతికి అది దక్కుతుంది. "ఒకే గోడ మీద ఒకటి రావద్దంటోంది, ఇంకోటి రమ్మంటోంది. పిల్లలు ఎవరి మాట వినాలంటావ్?" అని నర్సు అడిగితే ఆయా నవ్వి, "మెరిసేదాని మాట" అంది.

నాలుగోవారం మొదట్లో, ఒక ఉదయం తాళాలు బాగుచేసే ఆయన కిటికీ దగ్గరికి వచ్చి సెలవుచీటీ ఇచ్చాడు. ఆయన కూతురు ఒకటో తరగతి.

"మీరు చెప్పినట్టే ఉంచేశామమ్మా. మీరు ఫోను పెట్టేసిన గంటకి చూస్తే వీపంతా పొక్కులు. మీకెలా తెలిసిందో గానీ మంచిపని చేశారు. దాని పక్కన కూర్చునే పిల్ల మా అన్నయ్య కూతురే, అంటుకునుండేది."

"నేను ఫోను చెయ్యలేదండీ."

"చేశారుగా, పొద్దున్నే." ఆయన జేబులోంచి సెల్‌ఫోను తీసి, బొటనవేలితో జరిపి, కిటికీ ఊచల మధ్యనుంచి చూపించాడు. ఆరు గంటల ముప్ఫై నాలుగు నిమిషాలు. కింద ఒక నంబరు.

నర్సు ఆ నంబరు చదివింది. తర్వాత బల్ల మీది నల్ల ఫోను వైపు తిరిగి, దాని మీద అంటించిన కాగితం చదివింది. ఒక్కో అంకె మీదా వేలు పెట్టి మరీ చదివింది. రెండూ ఒకటే.

"ఏం చెప్పానండీ నేను?" అని అడిగింది.

"పాప రాత్రి సరిగా తిన్నదా అని అడిగారు. లేదన్నాను. ఈ ఒక్కరోజు పంపకండి నాయనా, పడుకోనివ్వండి, బడి ఎక్కడికీ పారిపోదు అన్నారు." ఆయన ఆమె మొహంలోకి చూసి కాస్త తడబడ్డాడు. "అదేమిటమ్మా, మీరు కాదా?"

వెనకాల నేల తుడుస్తున్న ఆయా చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆయన వెళ్ళాక నర్సు ఎన్నిసార్లు అడిగినా ఆమె "నాకేం తెలుసమ్మా" అని బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే మరో ముగ్గురికి అలాంటి ఫోన్లు వచ్చాయి. ఒకరికి కళ్ళకలక, ఇంకొకరికి గవదబిళ్ళలు, మూడో పిల్లకి వాంతులు. ఫోను వచ్చేసరికి ముగ్గురూ చూడ్డానికి బాగానే ఉన్నారు. మధ్యాహ్నానికి మంచమెక్కారు. నర్సు హెడ్‌మాస్టరు గారికి చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఎవరో ఆకతాయి పనమ్మా. ఈ రోజుల్లో ఏ నంబరైనా కనపడేలా చెయ్యొచ్చట. హాజరు పడిపోవాలని కంకణం కట్టుకున్నట్టున్నారు" అన్నాడు.

"ఆకతాయికి ఎవరికి ఆటలమ్మ పొయ్యబోతోందో ఎలా తెలుస్తుంది సార్?"

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఫైలు తెరిచాడు.

మరుసటి సోమవారం ప్రార్థన వరసలో ఐదో తరగతి పిల్ల ఒకతె నిలువునా కూలిపోయింది. పొడుగు జడల పిల్ల, ఎప్పుడూ వరసలో చివర నిలబడేది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. నర్సు, ఆయా చెరోపక్క పట్టుకుని మోసుకొచ్చారు. తల్లి బట్టల కొట్టులో పనిచేస్తుంది. కబురు అందిన ముప్పావుగంటకు రొప్పుతూ వచ్చి, కూతురి కాళ్ళ దగ్గర కూర్చుంది. నర్సు ఏమీ అనకముందే తనే చెప్పుకుంది.

"మీరు చెప్పారు పొద్దున. నేనే వినలేదు. కొట్లో నిన్ననే ఒకామెను మానిపించేశారు, నేను కూడా రానంటే ఊరుకోరు. ఒళ్ళు కొంచెం వెచ్చగానే ఉంది గానీ మందు వేస్తే తగ్గింది. సాయంత్రం దాకా నెట్టుకొస్తుందిలే అనుకున్నాను." కూతురి పాదాలు నిమురుతూ, "మీరు రెండోసారి కూడా చేశారు. అప్పుడు నేను కట్ చేశాను. అవతల ఏడుపు వినిపించింది నాకు" అంది.

నర్సు ఆమెకు మంచినీళ్ళు ఇచ్చింది. నేను కాదు అని చెప్పడానికి నోరు రాలేదు. ఆ తరగతిలో ఆ వారంలో తొమ్మిదిమంది జ్వరంతో పడ్డారు.

ఆ పిల్ల కూలిపోయిన మర్నాడు తెల్లవారకముందే నర్సు బడికి బయలుదేరింది. ఆరింటికి ఆయా గేటు తీసింది. ఎందుకని అడగలేదు. నర్సు గది తాళం తీసి, లోపల గొళ్ళెం పెట్టి, బల్ల ముందు కూర్చుని, కుడి అరచెయ్యి నల్ల ఫోను మీద ఆనించింది. వెనకాల తీగ ఎక్కడికి పోతుందో చూసింది. గోడ దాకా పోయి అక్కడితో ఆగిపోయింది, కోసేసిన కొసలో రాగిపోగులు కనిపిస్తున్నాయి. ఆరున్నర అయింది. ముప్పావు అయింది. ఫోను చల్లగా, ఫోనులాగే ఉంది. ఏడింటికి ఆమెకు నవ్వొచ్చింది. చదువుకున్నదాన్ని, పిల్లల తల్లిని, చచ్చిన ఫోనుకు కాపలా కూర్చున్నాను అనుకుంది.

తొమ్మిదింటికి ఇద్దరు తల్లులు సెలవుచీటీలు తెచ్చారు. ఒకామెకు ఆరూ నలభై ఒకటికి, రెండో ఆమెకు ఆరూ నలభై ఆరుకి ఫోను వచ్చింది. ఆ రెండు సమయాల్లోనూ నర్సు అరచెయ్యి దాని మీదే ఉంది.

ఆమె గదిలోంచి బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చున్న ఆయా పక్కనే కూలబడింది. "ఇప్పుడు చెప్పు ఆయమ్మా."

ఆయా చాలాసేపు కొంగు చివర మెలిపెట్టి, చెప్పింది. నర్సుకు ముందు ఆ గదిలో ఇరవై మూడేళ్ళు ఇంకొకామె పనిచేసింది. అందరూ పెద్ద నర్సమ్మ అనేవారు. సాయంత్రం గంట కొట్టాక గేటు దగ్గర నిలబడి, వెళ్ళే పిల్లలందరి మొహాలూ చూసేది. వాడినట్టున్న మొహం ఏదైనా కనిపిస్తే పేరు రాసుకునేది. మర్నాడు ఆరున్నరకే వచ్చి ఆ ఇళ్ళకు ఫోను చేసేది. రాత్రి తిన్నదా, నిద్రపోయిందా అని అడిగి, ఈ ఒక్కరోజు పంపకండి అనేది. తల్లిదండ్రులు కొందరు దణ్ణం పెట్టేవారు, కొందరు విసుక్కునేవారు. కిందటేడు షీల్డు పెట్టాక హాజరు మాట పెద్దదైంది. ఫోన్లు మానెయ్యమని హెడ్‌మాస్టరు గారు చెప్పారు. ఆమె మానలేదు. సెలవులకు ముందు లైను తీసేయిస్తున్నామని చెప్పారు. ఆ మర్నాడు పొద్దున ఆయా వెళ్ళేసరికి ఆమె కుర్చీలో ఒకపక్కకి ఒరిగి ఉంది. చేతిలో రిసీవరు. అవతల ఎవరో "హలో, హలో" అంటున్నారు.

"పోయిందా?"

"లేదమ్మా. పక్షవాతం. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. చెల్లెలింట్లో ఉంది. అప్పటినుంచి ఒక్క మాట లేదట."

"మరి ఆ గొంతు ఎవరిది?"

"ఆ మాటలు ఆవిడవే. బడి ఎక్కడికీ పారిపోదు అని ఆవిడే అనేది. ఇంకెవరూ అనగా నేను వినలేదు" అంది ఆయా.

చెల్లెలి ఇల్లు బడికి రెండు వీధుల అవతలే. నర్సు మర్నాడు పొద్దున ఆరుంబావుకు తలుపు తట్టింది. తను ఎవరో చెప్పగానే చెల్లెలు ఆశ్చర్యపోలేదు. "రామ్మా. ఇదే వేళ, నువ్వే చూద్దువుగాని" అని లోపలికి తీసుకెళ్ళింది.

చిన్న గది. మంచం, మందుల బల్ల, తెరిచిన కిటికీ. పెద్ద నర్సమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. జుట్టు తెల్లగా, మొహం ఒకపక్క జారి ఉంది. కళ్ళు మూసే ఉన్నాయి. గదిలో ఫోను లేదు. నర్సు నాలుగు మూలలూ చూసింది.

ఆరున్నరకు పెద్దామె కళ్ళు తెరిచింది. ఎవరూ పట్టుకోకుండానే, ఎడమచేత్తో మంచం కోడు పట్టుకుని లేచి కూర్చుంది.

"మిగతా రోజంతా ఇద్దరం కలిస్తే గానీ లేపలేం" అంది చెల్లెలు మెల్లగా.

పెద్దామె ఎడమచెయ్యి ఎత్తి చెవికి ఆనించుకుంది. వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టు వంగి ఉన్నాయి. కొంచెంసేపు ఎదురుచూసింది. తర్వాత పెదవులు కదిలాయి. చప్పుడు లేదు. ఆగింది, అవతలివాళ్ళు చెప్పేది వింటున్నట్టు తల ఊపింది. మళ్ళీ కదిలాయి. పడిపోయిన కుడిపక్క పెదవి కూడా సమంగానే కదలడం నర్సు గమనించింది. ఆసుపత్రిలో ఎంతోమంది పక్షవాతం రోగుల్ని చూసిందామె. అది అలా కదలకూడదు.

చెయ్యి దించి, మళ్ళీ ఎత్తింది. ఈసారి తల తిప్పి, నర్సు కళ్ళలోకి సూటిగా చూస్తూ పెదవులు కదిపింది. తిన్నదా అన్న మాట స్పష్టంగా తెలిసింది.

ఇంకాసేపు పెదవులు కదిపి ఆమె ఆగగానే నర్సు సంచిలో సెల్‌ఫోను మోగింది. ఇంటినుంచి, అత్తగారు.

"అమ్మాయ్, ఇంతకుముందే బడినుంచి ఫోనొచ్చింది. నువ్వేమో అనుకున్నా, గొంతు నీది కాదు, పెద్దావిడ. మాట్లాడి ఇప్పుడే పెట్టేసింది. పిచ్చుకని ఇవాళ పంపొద్దంటోంది. ఇది చూస్తే మంచం మీద గంతులేస్తోంది. ఏం చెయ్యమంటావ్?"

నర్సు పెద్దామె వైపు చూసింది. ఆమె చెయ్యి ఒళ్ళో పడిపోయింది. కళ్ళు మూసుకుని, ఉన్నపళంగా బరువై వెనక్కి ఒరిగిపోయింది. చెల్లెలు తల పట్టుకుని దిండు మీద పెట్టింది.

"పంపొద్దు అత్తయ్యా. నేను వస్తున్నాను" అంది నర్సు.

ఇంటికి వెళ్ళేసరికి పిచ్చుక జడలు వేసుకుని, సంచి తగిలించుకుని గుమ్మంలో ఉంది. ఆ రోజు బొమ్మల పోటీ. ఒళ్ళు చల్లగా ఉంది. థర్మామీటరు పెట్టి చూసినా మామూలే. నాలుక బాగుంది, గొంతు బాగుంది. నర్సు హెడ్‌మాస్టరు గారికి ఫోను చేసింది.

"ఇవాళ మూడు తరగతులకు టీకాలున్నాయి కదమ్మా. పాపకి జ్వరమా?"

"లేదు సార్."

"మరేమిటి?"

"ఏమీ లేదు సార్. కానీ నేను రాను, పాపా రాదు."

"మీకు కూడా ఫోనొచ్చిందా?" అని అడిగాడు ఆయన.

"వచ్చింది."

"సరే. ఉండండి" అన్నాడు. తర్వాత తెలిసింది, వేసవిలో లైను తీసేయించాక ఆయనింటికి కూడా ఒకరోజు ఫోను వచ్చిందట, మనవరాలి గురించి. ఆకతాయి పనని కొట్టిపారేసి పిల్లని ఊరికి పంపారు. అక్కడ పిల్లకి జబ్బు ముదిరింది, బతికింది గానీ ఒక చెవి వినిపించదు. ఆ సంగతి అప్పటిదాకా ఆయన ఎవరికీ చెప్పలేదు.

పిచ్చుక గంటసేపు ఏడ్చి, తర్వాత మర్చిపోయి, ఇల్లంతా కాగితాలు పరిచి బొమ్మలు వేసింది. పదకొండైంది. ఏమీ లేదు. పన్నెండున్నరకు కడుపునిండా తింది. అత్తగారు కోడలి వంక చూసి, "దీన్ని చూసి డాక్టర్లు కూడా ఫీజు వాపసిస్తారు" అంది. నర్సు నవ్వింది గానీ కూతురి మీదనుంచి కళ్ళు తిప్పలేదు. రెండింటికి తనకే సిగ్గనిపించింది. మూడు తరగతుల టీకాలు ఎగ్గొట్టి ఇంట్లో కూర్చున్నాను అనుకుంది.

మూడుంబావుకు పిచ్చుక బొమ్మ వేయడం ఆపింది. "అమ్మా, కిటికీ మూసెయ్యి. వెలుగు గుచ్చుకుంటోంది" అంది. నర్సు దగ్గరికి వెళ్ళి నుదురు తాకింది. పావుగంట కిందట చల్లగా ఉన్న ఒళ్ళు ఇప్పుడు కాలుతోంది. గడ్డం గుండెకు ఆనించమంది. పిల్ల మెడ వంచలేక మూలిగింది.

ఆమె ఇంకేమీ చూడలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పిల్లని భుజాన వేసుకుని వీధిలోకి పరుగెత్తి, ఎదురుగా వచ్చిన మొదటి ఆటో ఆపింది. నాలుగయ్యేసరికి తను పన్నెండేళ్ళు పనిచేసిన ఆసుపత్రిలో ఉంది. అక్కడి డాక్టరు వెన్నులోంచి నీరు తీయించి, ఫలితం వచ్చేదాకా ఆగకుండానే మందు మొదలుపెట్టాడు. మెదడు పొరల జ్వరం. మూడోరోజు ప్రమాదం గడిచాక ఆయన, "నువ్వు దగ్గరున్నావు కాబట్టి గంటలో తేగలిగావు. బడిలోనో, బస్సులోనో మొదలైతే సాయంత్రం దాకా ఎవరూ గుర్తుపట్టేవాళ్ళు కాదు. ఆ రోజు ఇంట్లో ఉంచాలని నీకెలా తోచింది?" అని అడిగాడు.

"ఒక పెద్దావిడ చెప్పింది" అంది నర్సు.

పద్దెనిమిది రోజుల తర్వాత పిచ్చుక ఇంటికొచ్చింది. ఆ ఆదివారం నర్సు పెద్ద నర్సమ్మ దగ్గరికి వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. ఈ పద్దెనిమిది రోజుల్లో ఆరున్నరకు లేచి కూర్చోవడం ఒక్క పొద్దు కూడా తప్పలేదని, అక్క రోజురోజుకీ చిక్కిపోతోందని చెల్లెలు చెప్పింది. ఇరవై నిమిషాలు కూర్చున్నాక రోజంతా ఊపిరి అందనట్టు పడుకుంటోందట.

నర్సు పెద్దామె ఎడమచెయ్యి పట్టుకుంది. "పాప బాగుంది. రేపటినుంచి ఫోన్లు నేను చేస్తాను. సాయంత్రం గేటు దగ్గర నేనే నిలబడతాను, ఆయా కూడా చూస్తుంది. హెడ్‌మాస్టరు గారు షీల్డు తీసేశారు. ఇంక మీరు పడుకోండి" అంది.

పెద్దామె ఆమెను చాలాసేపు చూసింది. విన్నదో లేదో తెలియలేదు.

సోమవారం సాయంత్రం నర్సు గేటు దగ్గర నిలబడింది. రెండువందల మొహాల్లో వాడినవి ఏవో తెలుసుకోవడం అంత సులువు కాదని తెలిసింది. నాలుగు పేర్లు రాసుకుంది. మంగళవారం ఆరున్నరకు తన సెల్‌ఫోనులోంచి మొదటి నంబరు కలిపింది. తాళాలు బాగుచేసే ఆయన ఎత్తాడు. ఆటలమ్మ తగ్గి బడికొస్తున్న ఆయన కూతురు ముందురోజు వెళ్తూ వెళ్తూ గోడను ఆనుకుని నిలబడింది.

"బడినుంచి నర్సుని మాట్లాడుతున్నానండీ."

"చెప్పండమ్మా. ఇవాళ గొంతు వేరేగా ఉందే."

"అవునండీ. ఇకనుంచి నేనే చేస్తాను. పాప రాత్రి తిన్నదా?"

"సగం వదిలేసింది. చెవి నొప్పంటోంది."

ఏం చూడాలో, ఏం పట్టించుకోవాలో చెప్పి, ఇంట్లో ఉంచమని, ఆమె రెండో నంబరు కలిపింది. నాలుగూ పూర్తయ్యేసరికి ఏడుంబావు అయింది. ఆ రోజు ఇంకెవరికీ ఏ ఫోనూ రాలేదు.

ఎనిమిదింటికి పెద్ద నర్సమ్మ చెల్లెలు ఫోను చేసింది.

"అక్క ఇవాళ లేవలేదమ్మా. ఆరున్నర దాటింది, ఏడు దాటింది. భయమేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి ఆడుతోంది. పక్కకి తిరిగి, చిన్నపిల్లలా గురకపెట్టి మరీ పడుకుంది."

"లేపకండి" అంది నర్సు.